ఎలక్కి చాప అవసరమా?

మౌస్ ప్యాడ్ వల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక అలవాటుకొద్దీ కొనేస్తున్నామా? సాఫ్టువేరు వాళ్ళని అడిగి చూడండి, రెండు రకాల సమాధానాలొస్తాయి. కాస్త తల నెరిసినవాళ్ళు "ప్యాడ్ లేకుండా మౌసేంటి?" అంటారు. కుర్రకారేమో "ఇప్పుడొచ్చే మౌసులకి అవన్నీ ఎందుకండీ, దండగ" అంటారు. విచిత్రమేంటంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కాకపోతే ఇద్దరి మనసులో ఉన్నదీ ఒకే మౌసు కాదు. ఈ అరవై ఏళ్ళలో మౌసు పైకి పెద్దగా మారలేదు గానీ, లోపలి యంత్రం మాత్రం చక్రాల నుంచి బంతికి, బంతి నుంచి వెలుగుకి మారింది. మారినప్పుడల్లా దాని కింద పరిచే చాప సంగతి కూడా మారిపోయింది. ఆ కథ తెలిస్తే, ప్యాడ్ కావాలో వద్దో ఎవరి బల్లని బట్టి వాళ్ళే తేల్చుకోవచ్చు.

ముందుగా ఒక చిన్న సంగతి. మౌసుకి తను ఎక్కడుందో తెలియదు. బల్లకి ఎడమవైపున్నానా, కుడివైపున్నానా అన్న జ్ఞానం దానికి బొత్తిగా లేదు. తన కింద ఉన్నది ఎటువైపు, ఎంత జరిగిందో చూసి ఆ లెక్క కంప్యూటరుకి చెప్తుంది, అంతే. అంటే మౌసు అనేది ఒక కొలబద్ద. అది కొలిచేది బల్లని. బట్టలకొట్లో మీటరుకర్ర ఎంత మంచిదైనా, కింద గుడ్డ జారిపోతుంటే కొలత తప్పుతుంది కదా? ఇదీ అంతే.

మొదటి మౌసు 1964లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైంది. ఆలోచన డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌ది, దాన్ని చేతిలో పట్టుకునే వస్తువుగా చేసినవాడు బిల్ ఇంగ్లిష్. ఒక చెక్క డబ్బా, పైన ఒక మీట, అడుగున రెండు చక్రాలు. ఒక చక్రం నిలువు కదలికకి, ఇంకోటి అడ్డం కదలికకి. ఇక్కడో తిరకాసుంది. మౌసుని ముందుకి తోస్తే ఒక చక్రం దొర్లుతుంది, రెండోది అడ్డంగా ఉంది కాబట్టి దొర్లలేక ఈడ్చుకుంటూ పోతుంది. పక్కకి తోస్తే ఇదే తారుమారవుతుంది. అంటే బల్ల ఒక చక్రాన్ని గట్టిగా పట్టుకోవాలి, అదే సమయంలో ఇంకో చక్రాన్ని జారనివ్వాలి. మౌసుకీ బల్లకీ మధ్య పేచీ పుట్టుకతోనే మొదలైందన్నమాట.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ ఈ మౌసుని మొదటిసారి జనం ముందు నడిపి చూపించాడు. ఆ రోజు అతని ముందున్న పలకని హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచరు కంపెనీలో పనిచేసే జాక్ కెల్లీ తయారుచేశాడు. అందులో కీబోర్డుతో పాటు, మౌసు తిరగడానికి విడిగా ఒక జాగా కూడా ఉంది. ఆ మరుసటి ఏడు, అంటే 1969లో, మొదటి మౌస్ ప్యాడ్ తనే చేశానని కెల్లీ చెప్పాడు. ఎంగెల్‌బార్ట్‌కి మౌసు మీద పేటెంటు వచ్చిందేమో 1970 నవంబరులో. ఆ లెక్కన ఎలక్కి కాగితాలు రాకముందే చాప వచ్చేసింది!

చక్రాల తర్వాత బంతి వచ్చింది. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ 1968లోనే బంతి ఉన్న మౌసు ఒకటి బయటపెట్టింది. అమెరికాలో బిల్ ఇంగ్లిష్ జిరాక్స్ కంపెనీ వాళ్ళ పార్క్ పరిశోధనశాలకి మారాక, 1970ల మొదట్లో అక్కడ కూడా బంతి మౌసు తయారైంది. (అవును, మన వీధి చివర జిరాక్సు కొట్టుకి పేరిచ్చిన కంపెనీయే.) ఈ బంతి మౌసుని విప్పి చూసినవాళ్ళు ఇంకా చాలామందే ఉంటారు. రబ్బరు తొడుగున్న బరువైన బంతి, దాన్ని ఆనుకుని రెండు చిన్న రోలర్లు, రోలర్ల చివర సందులు సందులుగా ఉన్న చక్రాలు. బంతి దొర్లితే రోలరు తిరుగుతుంది, రోలరు తిరిగితే ఆ చక్రం ఒక ఇన్‌ఫ్రారెడ్ దీపానికి అడ్డం వస్తూ పోతూ ఉంటుంది. వెలుగు ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెడితే తెరమీద బాణం గుర్తు ఎంత జరగాలో తెలుస్తుంది.

ఇక్కడా పాత పేచీయే. మౌసు డొక్కు జారాలి, లోపలి బంతి మాత్రం జారకూడదు, దొర్లాలి. నున్నటి సన్‌మైకా బల్లమీద డొక్కుతో పాటు బంతీ జారుతుంది, బాణం ఉన్నచోటే ఉంటుంది. పోనీ దుప్పటి లాంటి మెత్తటిదాని మీద పెడితే బంతికి పట్టు దొరుకుతుంది గానీ డొక్కు ఇరుక్కుంటుంది. దీనికి మందేమిటో 1979లో జిరాక్స్ వాళ్ళ డిస్‌క్లోజర్ జర్నల్‌లో ఆర్మాండో ఫెర్నాండెజ్ రాశాడు. మౌస్ ప్యాడ్ గురించి అచ్చులో వచ్చిన మొదటి వివరణగా దాన్నే చెప్తుంటారు. పైన కాస్త పట్టున్న పొర, కింద కొద్దిగా అణిగే మెత్తదనం. బంతి బరువుకి ప్యాడ్ వెంట్రుకవాసి కుంగితే, బంతికీ ప్యాడుకీ తగిలే చోటు పెరుగుతుంది, జారడం తగ్గుతుంది. ఇవాళ మనం కొనే గుడ్డ ప్యాడ్, అడుగున నల్లటి రబ్బరు స్పాంజి, పైన నేత గుడ్డ, ఇదే సూత్రం మీద బతుకుతోంది.

ఈ కాస్త జారుడు గురించి అంత పట్టింపెందుకు అంటారా? 1978లో అదే పార్క్‌లో స్టూవర్ట్ కార్డ్, బిల్ ఇంగ్లిష్, బెట్టీ బర్ ముగ్గురూ కలిసి మౌసుని, జాయ్‌స్టిక్‌ని, రెండు రకాల కీలని పక్కపక్కన పెట్టి పోటీ పెట్టారు. తెరమీద ఒక మాటని చూపించడానికి దేనితో ఎంతసేపు పడుతుందో కొలిచారు. అన్నిట్లోకీ మౌసే వేగంగా పనిచేసింది, తప్పులూ తక్కువే. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి తేలింది. మౌసుతో గురిపెట్టే వేగం మనిషి చేతికున్న సహజమైన హద్దుకి దాదాపు దగ్గరగా ఉంది. అంటే మౌసు చెయ్యిని ఆపడం లేదు, చెయ్యి ఎంత వేగంగా పోగలదో అంత వేగంగా పోనిస్తోంది. ఈ ఒక్క ఫలితాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పనుంది. మౌసు మీద గురి తప్పుతోందీ అంటే ముందు అనుమానించాల్సింది చెయ్యిని కాదు, కింద ఉన్నదాన్ని.

1980 ప్రాంతంలో ఇద్దరు మనుషులు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, అసలు బంతినే పీకేశారు. పార్క్‌లో రిచర్డ్ లయన్, ఎం.ఐ.టి.లో స్టీవ్ కర్ష్. ఇద్దరిదీ వెలుగుతో పనిచేసే మౌసే, అయితే రెండూ మామూలు బల్లని చూడలేవు. లయన్ మౌసుకి చుక్కలు అచ్చువేసిన ఉపరితలం కావాలి. కర్ష్ మౌసుకి గళ్ళగళ్ళుగా గీతలున్న మెరిసే లోహపు పలక కావాలి. మౌసు కింద ఎన్ని గీతలు దాటాయో లెక్కపెట్టుకుంటూ పోవడమే దాని పని. కర్ష్ 1982లో మౌస్ సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టి వీటిని అమ్మాడు. సన్ మైక్రోసిస్టమ్స్ వర్క్‌స్టేషన్ల పక్కన ఉండే ఆ మెరిసే గళ్ళ పలకని చూసినవాళ్ళు మర్చిపోరు.

చాప చరిత్రలో దానికి దక్కిన అతిపెద్ద గౌరవం ఇదే. ఇక్కడ ప్యాడ్ అలంకారం కాదు, యంత్రంలో సగం. ప్యాడ్ పోతే మౌసు ఉన్నా లేనట్టే. ప్యాడ్‌ని వంకరగా పెడితే బాణం వంకరగా పోతుంది. అడ్డదిడ్డంగా తిప్పి పెడితే ఇంక చెప్పిన మాటే వినదు. దుమ్ముకీ, అరుగుదలకీ చెడిపోయే బంతి, రోలర్లు లేవు కాబట్టి మౌసు హాయిగా ఉండేది. దాని కష్టాలన్నీ చాపకి బదిలీ అయ్యాయి.

ఇదే సమయంలో ఇంకో మూల దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఆలోచన నడిచింది. 1979లో స్టీవ్ జాబ్స్ పార్క్‌కి వెళ్ళి మౌసు చూసొచ్చాడు. తర్వాత డీన్ హోవీ అనే డిజైనరుని పిలిచి అడిగినవేంటో హోవీయే చెప్పాడు. జిరాక్స్ మౌసు ఖరీదు 300 డాలర్లు, నాకు 15 డాలర్లలోపు కావాలి. రెండేళ్ళు మన్నాలి. ఫార్మైకా బల్లమీదా నడవాలి, నా జీన్స్ ప్యాంటు మీదా నడవాలి. ఈ ఆఖరి షరతు చూశారా? చాప అక్కర్లేని ఎలక కావాలని మొదట గట్టిగా అడిగినవాళ్ళలో జాబ్స్ ఒకడు. హోవీ బృందం బంతిని సులువుగా బయటికి తీసి తుడుచుకునే వీలు పెట్టి, ఖరీదు తగ్గించి ఇచ్చింది. 1983లో లీసా, 1984లో మెకింటాష్ అలా బంతి మౌసులతో వచ్చాయి. బల్లమీద నడిచాయి. అయినా జనం ప్యాడ్ కొంటూనే ఉన్నారు, ఎందుకంటే అన్ని బల్లలూ ఒక్కలా ఉండవు.

మన దగ్గర ఎక్కువమంది చేతికి మౌసు తగిలింది 1990ల చివర్లో. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, కాలేజీ ల్యాబులు, గంటకింత అని తీసుకునే నెట్ సెంటర్లు. చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలోకి భయభక్తులతో వెళ్ళిన రోజులు. చెప్పులైతే బయట ఉండేవి గానీ దుమ్ము మాత్రం లోపలికొచ్చేది. బంతి ఆ దుమ్మునీ, చేతి చెమటనీ, మిర్చిబజ్జీ నూనెనీ చుట్టుకుని రోలర్లకి పూసేది. రోలరు మీద నల్లటి పట్టీలా పేరుకునేది. ఆ పట్టీ మందమైన కొద్దీ రోలరు లావవుతుంది, లావైతే అదే దూరానికి తక్కువ తిరుగుతుంది, మధ్యలో గడ్డకడితే బాణం ఎగిరెగిరి పడుతుంది. గోటితోనో, పాత రీఫిల్లుతోనో గీకడమే వైద్యం. ప్యాడ్ బంతికి పట్టు ఇచ్చేది నిజమే, కానీ నెలల తరబడి ఉతకని గుడ్డ ప్యాడే ఆ మట్టికి పుట్టిల్లు కూడా. కాబట్టి ఆ రోజుల్లో సైతం "ప్యాడ్ ఉంటే చాలు" అన్నది సగం నిజమే. శుభ్రమైన ప్యాడ్ ఉండాలి.

1999లో కథ మలుపు తిరిగింది. మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్ అనే మౌసు తెచ్చింది. దానిలో బంతి లేదు, దానికి గళ్ళ పలకా అక్కర్లేదు. అడుగున ఒక ఎర్ర దీపం, ఒక బుల్లి కెమెరా. దీపం వెలుగు ఏటవాలుగా పడి, బల్లమీద కంటికి కనబడని గరుకుని నీడలుగా చూపిస్తుంది. కెమెరా సెకనుకి 1500 ఫోటోలు తీస్తుంది. లోపలి చిప్పు ఒక్కో ఫోటోని అంతకుముందు ఫోటోతో పోల్చి, ఆ నీడలు ఎటు జరిగాయో లెక్కకడుతుంది. కర్ష్ మౌసుకి గీతలు గీసి ఇవ్వాల్సొచ్చింది. దీనికి ప్రకృతి గీసిన గీతలే చాలు. చెక్క, కాగితం, గుడ్డ, గరుకు సన్‌మైకా, ఏదైనా సరే. 2000 జులైలో యాపిల్ కూడా బంతి వదిలేసింది. మరి కొన్నేళ్ళకి బంతి మౌసు అటకెక్కింది. జాబ్స్ అడిగిన జీన్స్ ప్యాంటు షరతు ఇరవై ఏళ్ళకి పూర్తిగా తీరింది.

మరి చాప పని అయిపోయినట్టేనా? చాలా బల్లల మీద అయిపోయినట్టే. కానీ మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో ఒక అలవాటుంది చూశారూ.. బల్లమీద అద్దం పరచడం! అద్దం కింద దేవుడి పటం, పాత క్యాలెండరు, పిల్లల ఫోటోలు, విజిటింగ్ కార్డులు. పాతకాలం ఆఫీసర్ల బల్ల అంటే ఇదే. కెమెరా మౌసుకి ఇదే మృత్యుగండం. శుభ్రమైన అద్దం మీద గరుకు లేదు, నీడలు పడవు. అద్దం కింద ఉన్న ఫోటోని చూద్దామా అంటే, ఆ కెమెరా చూపు ఆనేది కొద్ది మిల్లీమీటర్ల దూరానికే. ఏమీ కనబడక బాణం నిలబడిపోతుంది, లేదా పిచ్చిగంతులేస్తుంది.

మా మావయ్య స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అమెరికాలో ఉన్న మనవడితో మాట్లాడాలని, అరవై దాటాక పట్టుదలగా కంప్యూటరు నేర్చుకోవడానికి కూర్చున్నారు. నెల తిరక్కుండానే మానేశారు. అడిగితే "చెయ్యి వణుకుతోందిరా, బాణం నిలవట్లేదు. ఈ వయసులో మనకి రాదులే" అన్నారు. ఆయన చెయ్యి ఏమీ వణకట్లేదు. కంప్యూటరు పెట్టింది ఆయన పాత రాతబల్ల మీద, బల్లమీద నిలువెత్తు అద్దం. గోడకున్న క్యాలెండరులోంచి అయిపోయిన నెల కాగితం చింపి, తిరగేసి మౌసు కింద పరిచాను. అంతే! బాణం బుద్ధిగా నడిచింది. ఖర్చు సున్నా. నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి ఒక అద్దం ముక్క వల్ల తనకి చేతకాదని తీర్మానించేసుకున్నారు. నాకు ఈ మౌస్ ప్యాడ్ ప్రశ్న చిల్లర ప్రశ్నలా అనిపించకపోవడానికి కారణం ఇదే. యంత్రం సరిగ్గా పనిచేయనప్పుడు ఇంజనీర్లం యంత్రాన్ని అనుమానిస్తాం. మిగతా జనం, అందులోనూ పెద్దవాళ్ళు, తమని తామే అనుమానించుకుంటారు.

అద్దం సమస్య కంపెనీలకీ తెలుసు. 2004లో లాజిటెక్ లేజరు మౌసు తెచ్చింది, 2008లో మైక్రోసాఫ్ట్ నీలి వెలుగుతో బ్లూట్రాక్ తెచ్చింది. 2009లో లాజిటెక్ డార్క్‌ఫీల్డ్ పేరుతో ఏకంగా అద్దం మీద నడిచే మౌసు తెచ్చింది, అద్దం కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉంటే చాలంది. అద్దం మీది సన్నటి దుమ్మునీ, గీతల్నీ పట్టుకుని దారి వెతుక్కుంటుంది అది. గొప్ప ఇంజనీరింగే, కాదనను. కాకపోతే అవి ఖరీదైన మౌసులు. క్యాలెండరు కాగితం చేసే పనికి అంత డబ్బు పెట్టాలా అన్నది ఎవరి జేబు వాళ్ళిష్టం.

ఇంకో వర్గానికి మాత్రం కెమెరా మౌసు వచ్చాకే చాప మీద మోజు పెరిగింది. వాళ్ళు గేమర్లు. కౌంటర్‌స్ట్రైక్ లాంటి ఆటల్లో గురి కోసం మౌసు వేగం బాగా తగ్గించి, మణికట్టు బదులు మోచేయంతా కదిపి ఆడతారు. దానికి పెద్ద జాగా కావాలి, ఆ జాగా అంతటా జారుడు ఒక్కలా ఉండాలి. ఇవాళ హెడ్‌సెట్లూ, కీబోర్డులూ అమ్ముతున్న స్టీల్‌సిరీస్ కంపెనీ 2001లో డెన్మార్క్‌లో మొదలైంది మౌస్ ప్యాడ్లతోనే. అందులో ఒకటి గాజుది, పేరు ఐస్‌మ్యాట్! బల్లమీద గాజు శత్రువైతే, గరుకు చేసిన గాజు మిత్రుడైంది.

ఇక చెయ్యి సంగతి. మణికట్టు దగ్గర దిండులా జెల్ ఉబ్బు ఉన్న ప్యాడ్లు చూసే ఉంటారు. "నొప్పి రాదు" అని అమ్ముతారు. మణికట్టు లోపల ఒక ఇరుకైన సొరంగం ఉంటుంది, దానిలోంచి చేతి వేళ్ళకి వెళ్ళే ముఖ్యమైన నరం పోతుంది. 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో 14 మంది ఆరోగ్యవంతుల మణికట్టు సొరంగంలో ఒత్తిడిని నేరుగా కొలిచారు. మౌసు మీద చెయ్యి ఊరికే ఉంచినప్పటికంటే, మౌసుతో లాగడం, గురిపెట్టడం లాంటి పనులు చేసేటప్పుడు ఒత్తిడి ఎక్కువగా ఉంది. మూడు రకాల మౌసులు వాడినా పెద్ద తేడా రాలేదు. అంటే మౌసు ఆకారం కంటే మనం చేసే పని ముఖ్యం. జెల్ దిండు మీద మణికట్టుని అదిమిపెట్టి, అక్కడినుంచే చెయ్యిని అటూ ఇటూ తిప్పితే మణికట్టు పక్కలకి వంగుతుంది, పైగా ఆ నరం ఉన్నచోటే ఒత్తుకుంటుంది. దిండు ఆగినప్పుడు ఆనుకోవడానికి బాగుంటుంది, నడిపేటప్పుడు కాదు. నా మటుకు నేను చదునైన ప్యాడే వాడతాను, గంటకోసారి లేస్తాను.

కాబట్టి నా తీర్పు ఇదండీ. గరుకు చెక్క, మెరుపులేని సన్‌మైకా బల్ల ఉన్నవాళ్ళకి ప్యాడ్ అవసరం లేదు, కొనకపోతే కొంపేం మునగదు. బల్ల అంచు గరుగ్గా చేతికి గుచ్చుకుంటున్నా, చలికాలం బల్ల చల్లగా తగులుతున్నా మెత్తగా ఉంటుందని వేసుకోండి, అదీ కారణమే. అద్దం, పాలిష్ గ్రానైటు, నిగనిగలాడే తెల్లబల్ల ఉన్నవాళ్ళకి చాప తప్పనిసరి. అది ప్యాడే కానక్కర్లేదు, పరీక్ష అట్టయినా, నోటుపుస్తకమైనా సరిపోతుంది. ఆటలాడేవాళ్ళకి పెద్ద గుడ్డ ప్యాడ్‌కి పెట్టిన డబ్బు మౌసుకి పెట్టిన డబ్బంత విలువైనది. దిండు ప్యాడ్ చూసి నొప్పి పోతుందని మాత్రం కొనకండి.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్క పరీక్ష చాలు. పాత న్యూసుపేపరు ఒకటి మడిచి మౌసు కింద పెట్టి, ఒక పది నిమిషాలు మామూలుగా పనిచేయండి. ముందుకంటే బాణం బాగా మాట వింటుంటే మీ బల్లకి చాప కావాలి. తేడా ఏమీ లేకపోతే అక్కర్లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా "నాకు కంప్యూటరు రాదు" అంటుంటే, వాళ్ళకి నేర్పడం మొదలుపెట్టేముందు కూడా ఇదే పరీక్ష చేయండి.